పెన్షన్ ఏ కాగితం మీద ఉంది?

శ్రావణీ,

ప్రభుత్వం మారితే పెన్షనర్ల గతేమిటని మీ గ్రూప్-2 కోచింగ్‌లో అడిగితే సగం మంది పెరుగుతుందనీ, సగం మంది పోతుందనీ రాశారన్నావు. ట్రెజరీలో పనిచేసి రిటైరైన వాళ్లెవరూ జవాబు అక్కడ మొదలుపెట్టరు. ముందు ఆ పెన్షన్ ఏ కాగితం మీద ఉందో చూస్తారు. జీవో మీద ఉంటే ఒక్క సంతకం చాలు. చట్టంలో ఉంటే సభకు వెళ్లాలి. వెనక కోర్టు తీర్పు ఉంటే, ఎంత మెజారిటీతో వచ్చిన ముఖ్యమంత్రి అయినా కాస్త ఆగుతాడు.

జీవో మీద నడిచేవాటికి సామాజిక పింఛన్లను మించిన ఉదాహరణ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ప్రభుత్వం మారాక వృద్ధాప్య పింఛను 200 నుంచి 1,000 అయింది. 2019 ఎన్నికలు దగ్గరపడే వేళకు అదే ప్రభుత్వం దాన్ని 2,000 చేసింది. ఆ ఎన్నికల్లో గెలిచిన జగన్ మోహన్ రెడ్డి ప్రమాణస్వీకారం నాడే 2,250 ప్రకటించారు. అర్హత వయసు 65 నుంచి 60కి దిగింది. విడతలుగా పెరుగుతూ 2024 జనవరికి 3,000 అయింది. జూన్‌లో మళ్లీ చంద్రబాబు నాయుడు వచ్చారు. బాధ్యతలు చేపట్టిన రోజే పెట్టిన సంతకాల్లో 4,000 పింఛను ఫైలు ఒకటి. ఏప్రిల్ నుంచి లెక్కగట్టి, జులై 1న ఒక్కొక్కరి చేతిలో 7,000 పెట్టారు. పథకం పేరు మారింది. వాలంటీర్లు తెచ్చిచ్చే డబ్బు సచివాలయ ఉద్యోగులు తెచ్చారు. తర్వాత కొన్నాళ్లకు దివ్యాంగుల సర్టిఫికెట్ల పునఃపరిశీలన మొదలైంది. సంతకంతో పెరిగేది సంతకంతోనే తగ్గిపోగలదన్న సంగతి అప్పుడు చాలా ఇళ్లకు తెలిసొచ్చింది. పరీక్షలో పెంపు ఒక్కటే రాసి ఊరుకోకు. అర్హత, వయసు, తనిఖీ, పంపిణీ చేసే మనిషి: ప్రభుత్వంతో పాటు ఇవన్నీ మారతాయి.

అలాగని ప్రభుత్వం మారగానే మొత్తం మారి తీరుతుందనుకోవద్దు. తెలంగాణలో వృద్ధాప్య పింఛను 2019 నుంచి 2,016. దాన్ని 4,000 చేస్తామన్న కాంగ్రెస్ 2023 డిసెంబరులో గెలిచింది. ఏడాది దాటినా ముసలివాళ్ల చేతికి ఆ 2,016 మాత్రమే వచ్చింది. మనసు లేక అని ఒకరంటారు, డబ్బు లేక అని మరొకరంటారు. ఆ వాదన పక్కనపెట్టి ఒక లెక్క వేసి చూడు. 2024లో ఆంధ్రలో ఈ పింఛన్లు తీసుకున్నవారు సుమారు 65 లక్షల మంది. తలకు వెయ్యి పెరిగిందనుకున్నా నెలకు 650 కోట్లు, ఏడాదికి 7,800 కోట్లు. ఏ మేనిఫెస్టో చదివినా ఈ గుణకారం చేశాకే అభిప్రాయం చెప్పు.

ఇక కేంద్రం వాటా. జాతీయ వృద్ధాప్య పింఛను కింద 60 దాటిన పేదలకు కేంద్రం ఇచ్చేది నెలకు 200, 80 దాటితే 500. 2014లో ఢిల్లీలో ప్రభుత్వం మారినా ఆ 200 కదల్లేదు. ప్రైవేటు కార్మికుల ఈపీఎస్-95 కనీస పెన్షన్ కూడా అంతే, 2014 సెప్టెంబరులో 1,000 చేశాక ఏళ్ల తరబడి అక్కడే ఆగింది. ధరలు పెరుగుతుంటే అంకె పెరగకపోవడం కూడా కోతే. దానికి జీవో అక్కర్లేదు, ఏ పేపరూ హెడ్డింగు పెట్టదు. పెన్షనర్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడేనని పెదనాన్న అభిప్రాయం. రెండు రాష్ట్రాల్లోనూ పేరుకుపోయే కరువు భృతి (డీఆర్) బకాయిలదీ ఇదే దారి.

ఉద్యోగం చేసి సంపాదించుకున్న పెన్షన్ సంగతి వేరు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ చెప్పింది. పెన్షనర్లు ఏటా ఆ రోజును పండగలా జరుపుకునేది అందుకే. ఆ హక్కుకు ఎంత బలముందో 2020లో తేలింది. కరోనా పేరు చెప్పి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీతాల్లో, పెన్షన్లలో కొంత వాయిదా వేసింది. ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకెక్కారు. ఆపిన సొమ్ము 12 శాతం వడ్డీతో ఇమ్మని హైకోర్టు తీర్పిచ్చింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, కట్టాల్సిందేనంది. అయితే ఈ రక్షణ అసలు పెన్షన్‌కే గాని దాని చుట్టూ ఉండే అదనాలకు అంతగా లేదు. ఆంధ్రప్రదేశ్ 2022 వేతన సవరణలో (పీఆర్సీ) 70, 75 ఏళ్లు నిండినవారి అదనపు పెన్షన్ మొదట ఎత్తేశారు. ఉద్యోగులు రోడ్డెక్కాక పాత 10, 15 శాతాల బదులు 7, 12 శాతాలిచ్చారు. ప్రభుత్వం మారకుండానే జరిగిన మార్పది!

పాత పెన్షన్ విషయంలో పార్టీలు చెప్పే మాటలకూ, జరిగిన చరిత్రకూ పొంతన కుదరదు. కేంద్ర ఉద్యోగులకు 2004 జనవరి నుంచి కొత్త పెన్షన్ పద్ధతి తెచ్చింది వాజపేయి ప్రభుత్వం. ఆ ఏడే వచ్చిన మన్మోహన్ సింగ్ ప్రభుత్వం దాన్ని తీసేయలేదు సరిగదా, 2013లో చట్టం చేసి గట్టిపరిచింది. మన దగ్గర 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారు ఇలాంటి కొత్త పద్ధతే అయిన సీపీఎస్‌లోకి వెళ్లారు. దాన్ని వారంలో రద్దు చేస్తామని 2019లో వాగ్దానం చేసిన జగన్ పార్టీ, చివరికి 2023లో సగం జీతానికి హామీనిచ్చే జీపీఎస్ చట్టంతో సరిపెట్టింది. హిమాచల్‌లో మాత్రం కాంగ్రెస్ గెలిచిన కొద్ది వారాలకే, 2023 జనవరిలో, తొలి మంత్రివర్గ సమావేశం పాత పెన్షన్‌కు సరేనంది. కానీ అప్పటికే నిధిలో జమైన సొమ్మును రాష్ట్రాలకు తిరిగిచ్చే వీలు చట్టంలో లేదని కేంద్రం తేల్చేసింది. ముఖ్యమంత్రి మారవచ్చు, డబ్బు ఢిల్లీ చట్టం కింద ఉంది మరి. తర్వాత కేంద్రమే 2025 ఏప్రిల్ నుంచి యూపీఎస్ అనే మరో పద్ధతి తెచ్చింది. పాతికేళ్ల సర్వీసు ఉంటే, చివరి 12 నెలల మూలవేతనం సగటులో సగం వస్తుంది.

పన్ను దగ్గర రాష్ట్ర ప్రభుత్వం మారినా ఒరిగేదేమీ లేదు. ఆదాయపు పన్ను కేంద్రానిది, ఏటా ఫైనాన్స్ చట్టంతో మారేది. 2014లో ప్రభుత్వం మారాక జులై బడ్జెట్‌లో 60 దాటినవారి మినహాయింపు పరిమితి 2.5 నుంచి 3 లక్షలయింది. 80 దాటినవారి 5 లక్షలు 2011లో పెట్టినవి, అలాగే ఉండిపోయాయి. పెద్ద మార్పు వచ్చింది 2025 బడ్జెట్‌లో, అప్పుడు ప్రభుత్వమేమీ మారలేదు. ఒక 65 ఏళ్ల రిటైర్డ్ టీచరుకు ఏడాదికి 9 లక్షల పెన్షన్, డిపాజిట్ల మీద లక్ష వడ్డీ వస్తాయనుకో. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 9.25 లక్షలు మిగులుతుంది. 12 లక్షల లోపే కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. పాత విధానంలో 50,000 డిడక్షన్, వడ్డీ మీద 80టీటీబీ కింద మరో 50,000 తీసేసినా, వేరే పొదుపులు లేకపోతే సెస్సుతో కలిపి 93,600 కట్టాలి. ఏళ్లుగా అలవాటైన పద్ధతేనని పాత విధానంలోనే రిటర్ను వేస్తే చేతి చమురు వదులుతుంది.

పన్నుల వెలుపలి రాయితీలదీ ఇదే తీరు. రైళ్లలో వృద్ధులకిచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగింది. అదీ ప్రభుత్వం మారకుండానే, చట్టం జోలికి పోకుండానే.

ఈ ఏడు మీ మేనత్త రిటర్ను నువ్వే వేస్తానన్నావుగా. ఆమెకు వచ్చేది ఫ్యామిలీ పెన్షన్, దాన్ని జీతం కింద చూపకు, ఇతర ఆదాయంలో చూపాలి. 75,000 డిడక్షన్ దానికి వర్తించదు. కొత్త విధానంలో అందులో మూడో వంతు గానీ 25,000 గానీ, ఏది తక్కువైతే అదే తీసెయ్యి. ఫారం-16 రాదు కాబట్టి బ్యాంకు పాస్‌బుక్కు దగ్గర పెట్టుకో.

ఇట్లు,
పెదనాన్న