చల్లని చేతులు, తెల్లని వ్రేళ్లు

సమస్య



నా పుట్టినిల్లు మానుకోట; మెట్టినిల్లు జనగామ చెంతనున్న ఒక పల్లె. వయస్సు ముప్పది రెండు, ఇద్దరు పిల్లలు. కొన్నేండ్లుగా నా చేతులును పాదములును ఎల్లవేళల చల్లగా నుండుచున్నవి. మాఘమాసము మాట అటుంచి, వైశాఖమున సైతము రాత్రి పక్కలో కాళ్లు వెచ్చబడుటకు చాలసేపు పట్టును. యాసంగి నాట్లకు తెల్లవారుజామున మడిలో దిగితినా, మధ్యాహ్నముదాక పాదములకు ప్రాణము రాదు. కొద్ది పనికే అలసట, మెట్లెక్కిన ఆయాసము. నెలసరి నాళ్లలో స్రావము అధికము. మా అత్తమ్మ ‘నీది చలువ ఒళ్లు’ అని పెరుగును అరటిపండును మాన్పించినది. భూపాలపల్లిలో ఒక కాంట్రాక్టరు క్రింద రాతికి రంధ్రములు వేయు డ్రిల్లింగు మిషనుపై పనిచేయు నా భర్త, చలి ఉదయములలో బండిమీద పోవునపుడు తన ఎడమచేతి వ్రేళ్లు మూడు తెల్లగా పాలిపోయి మొద్దుబారుచున్నవని చెప్పి, ‘నీ జబ్బు నాకంటినది’ అని నవ్వును. ఈ చలువకు ఉపాయమేమి?

— ఒక సోదరి, జనగామ

సలహా

అమ్మా,

మీ బాధ నంతయు వివరముగా వ్రాసి, మీ వారి మాటను కడపట పరిహాసముగా చేర్చినారు. నన్ను ఎక్కువ కలవరపెట్టినది ఆ పరిహాసమే. మీ ఇంట నున్నది ఒక్క జబ్బు కాదు, పైకి ఒకటే యనిపించు రెండు.

మొదట మీ సంగతి. హృదయము, మెదడు మొదలైన ప్రధానాంగముల ఉష్ణము తగ్గరాదని దేహము పడు తాపత్రయము, చెరువులో నీరు తగ్గినపుడు తూము బిగించి ఆయకట్టు చివరి మళ్లను ఎండగట్టు నీరటికాని నేర్పు వంటిది. చేతులును పాదములును ఆ చివరి మళ్లు. చలికి ఇట్లు జరుగుట సహజమే. కాని ఎండకాలమునను ఇది విడువక, అలసటయు ఆయాసమును అధికస్రావమును తోడైనపుడు, తూమును గాక చెరువునే చూడవలసియుండును. మీ లక్షణములను బట్టి నాకు తొలుత తోచునది రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులని తేలినది గనుక, ఇందులో మీరు ఒంటరివారు కారు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిను 12 గ్రాములకు తగ్గరాదు. జనగామ ప్రభుత్వాసుపత్రికి పోయి ఆ పరీక్షయు, థైరాయిడు పరీక్షయు చేయించుకొనుడు. థైరాయిడు గ్రంథి మందగించినను ఇదే చలి, ఇదే అలసట. అధికస్రావమునకు కారణమేమో కూడ స్త్రీవైద్యురాలిని అడుగవలెను. అది ఆగనిదే ఇనుపధాతువు మాత్రలు ఎన్ని మ్రింగినను చిల్లికుండలో పోసినట్లే. మాత్ర వేసికొన్న వెంటనే టీ త్రాగకుడు. నిమ్మరసమో ఉసిరికాయయో తోడైన మేలు. తలనొప్పికో రక్తపుపోటుకో ప్రొప్రనలాల్, అటెనొలాల్ వంటి మందు వాడుచున్నచో వైద్యునికి చెప్పుడు. అవియు చేతులను చల్లబరచును.

పెరుగువలన ఎవరి చేతులును చల్లబడవు. అత్తమ్మతో వాదమునకు దిగుమని నేను చెప్పను గాని, రక్తపరీక్ష కాగితము చేతికి వచ్చిన పిదప ఆమెయే గిన్నె ముందుకు జరుపునని నా నమ్మకము. ఇక చేతులను మాత్రమే కాచుకొనుటకంటె ఛాతికిని తలకును వెచ్చదన మిచ్చుట ఎక్కువ ఫలమిచ్చును. మొద్దుబారిన పాదములను నెగడు దగ్గర పెట్టకుడు, కాలినను తెలియదు. నాటు మడిలోనికి ప్రొద్దెక్కిన తరువాత దిగుటకు తోటివారిని ఒప్పించగలిగిన మరియు మంచిది.

ఇప్పుడు మీ వారి సంగతి. చలి తగులగనే వ్రేళ్లు తెల్లబడి, నీలమై, పిమ్మట ఎర్రబడుటను 1862లో మారిస్ రేనో అను ఫ్రెంచి వైద్యుడు వర్ణించినాడు. అనేకులకు, విశేషించి పడుచు స్త్రీలకు, ఇది ఏ రోగమును లేకయే కలుగును. కాని కంపించు యంత్రమును ఏండ్ల తరబడి పట్టినవానికి కలిగినచో అది పనివలన వచ్చిన వ్యాధి. 1918లో అమెరికాలోని ఇండియానా సీమలో, గాలిసుత్తులతో సున్నపురాయి చెక్కువారిని పరీక్షించిన ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు, ఉలిని పట్టు ఎడమచేతి వ్రేళ్లే మిక్కిలి తెల్లబడుచుండుటను గమనించినది. మీ ఉత్తరమున ఎడమచేయి అను మాట చూచినప్పుడు నేను ఉలిక్కిపడితిని!

ఇది అంటువ్యాధి కాదు. అశ్రద్ధ చేసిన మాత్రము రక్తనాళములతోపాటు నరములును చెడి, చొక్కా గుండీ పెట్టుకొనుటయు కష్టమగును. వ్రేళ్లు తెల్లబడినపుడు ఒక ఫోటో తీసి, ఏ యంత్రము, దినమునకు ఎంతసేపు, ఎన్నేండ్లుగా అనునవి వ్రాసికొని వైద్యునికి చూపవలెను. ఆసుపత్రిలో కూర్చున్న వేళకు వ్రేళ్లు మామూలు రంగుననే యుండును గదా! బీడీ త్రాగువారైనచో నేడే మానవలెను, పొగాకు ఆ నాళములనే బిగించును. చేతికి వెచ్చని తొడుగులు, పదునైన బిట్టు, మధ్యమధ్య విరామము కొంత మేలు చేయును గాని అసలు మందు యంత్రమునకు దూరమగుటయే. వ్రేలికొనలపై పుండు లేచినను, నలుపెక్కినను ఆలసింపక వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోవలెను.

వేరు పని అడిగినచో కూలి తగ్గునను భయము మీ ఇరువురికి నుండుట న్యాయమే, దానిని నేను తేలికగా త్రోసివేయను. అయినను వైద్యుడు వ్రాసిన చీటీ చేత నుండగా అడిగినవానిని కాంట్రాక్టరు ఊరక త్రిప్పి పంపుట కొంచెము కష్టము. కనుక ఈ వారములో ముందు ఆ చీటీ సంపాదింపుడు.