మన నీడ చెప్పే డి విటమిన్ లెక్క

నాన్నకో అమ్మకో బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మనకు చాలా మారిపోతాయి. ఊరు మారుతుంది, ఇల్లు మారుతుంది, వీధిలో వినిపించే భాష మారుతుంది. పాఠ్యపుస్తకాలు మాత్రం మారవు. సూర్యుడూ మారడనే అనుకుంటాం. సూర్యుడు ఒక్కడే గానీ, ఎండ అన్ని ఊళ్లలోనూ ఒకేలా పడదు. తిరుపతి నుంచో విశాఖపట్నం నుంచో కోల్‌కతాకు వచ్చిన మనం ఈ తేడా తెలుసుకోవాలి. ఎందుకంటే మన ఎముకలు ఎదిగే వయసు ఇదే. వాటికి కావలసిన డి విటమిన్‌లో ఎక్కువ భాగం ఎండ వల్లనే తయారవుతుంది.

డి విటమిన్ ఏం చేస్తుంది?

మనం తిన్న ఆహారంలోని కాల్షియాన్ని పేగులు పీల్చుకోవాలంటే డి విటమిన్ ఉండాలి. అది చాలకపోతే పాలు తాగినా, రాగిజావ తాగినా కాల్షియం పూర్తిగా ఒంటబట్టదు. చిన్నపిల్లల్లో ఎముకలు మెత్తబడి కాళ్లు వంకరపోతాయి. ఈ జబ్బునే రికెట్స్ అంటారు. పెద్దవాళ్లలో ఎముకల నొప్పులు, కండరాల నీరసం వస్తాయి. 2016–18 మధ్య మన దేశంలో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో దాదాపు నలుగురిలో ఒకరికి డి విటమిన్ లోపం కనబడింది. ఇంత ఎండ ఉన్న దేశంలో ఇలా ఎందుకు?

రెండు చోట్లా ఉన్నవాడు పట్టుకున్న తేడా

ఎండకూ ఎముకలకూ సంబంధం ఉందని ముందుగా గట్టిగా చెప్పినవారిలో థియోబాల్డ్ పామ్ అనే వైద్యుడు ఒకరు. ఆయన జపాన్‌లో పనిచేసి ఇంగ్లండుకు తిరిగి వెళ్లారు. జపాన్‌లో తనకు కనిపించని రికెట్స్ ఇంగ్లండులోని పిల్లల్లో విపరీతంగా కనిపించింది. ఆసియాలోని ఇతర దేశాల్లో పనిచేస్తున్న వైద్యులకు ఉత్తరాలు రాసి వివరాలు సేకరించారు. పొగ కమ్మిన నగరాల్లో పిల్లలకు ఎండ తగలకపోవడమే కారణమని 1890లో రాశారు. రెండు చోట్లా ఉన్నవాడు కాబట్టే ఆయన కంటికి ఆ తేడా ఆనింది. 1919లో బెర్లిన్‌లో కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత దీపం వెలుగుతో రికెట్స్ పిల్లలకు నయం చేసి చూపించారు.

చర్మంలో జరిగే పని

సూర్యకాంతిలోని అతినీలలోహిత బి కిరణాలు చర్మంలో ఉండే ఒక రకం కొలెస్ట్రాల్ పదార్థాన్ని తాకినప్పుడు డి విటమిన్ పుడుతుంది. అది కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరొకసారి మార్పు చెంది పనికి సిద్ధమవుతుంది.

ఈ కిరణాలు మామూలు గాజులోంచి దాదాపుగా రావు. కిటికీ అద్దం వెనకో, మూసిన బస్సులోనో కూర్చుంటే ఒళ్లు వెచ్చబడుతుంది గానీ డి విటమిన్ తయారవదు. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు కిరణాలు గాలిలో ఎక్కువ దూరం ప్రయాణించాలి. దారిలోని ఓజోన్ వాటిలో చాలా భాగాన్ని పీల్చేస్తుంది. అందువల్ల పొద్దున్నే వచ్చే నీరెండ ఒంటికి హాయిగా ఉన్నా, డి విటమిన్ విషయంలో దాని సాయం తక్కువే. మేఘాలు, పొగ, దుమ్ము కూడా ఈ కిరణాలను తగ్గిస్తాయి. చామనఛాయ, నలుపు చర్మంలోని మెలనిన్ వాటిని కొంత అడ్డుకుంటుంది కాబట్టి మనకు ఎండలో మరికాస్త సమయం పడుతుంది.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు ఈ విషయాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. పొలాల్లో పనిచేసే పల్లెవాసులకంటే పట్నవాసుల్లో డి విటమిన్ తక్కువగా ఉందని గుర్తించారు. చర్మంలో ఉండే ఆ పదార్థాన్ని వేర్వేరు గంటల్లో ఎండలో పెట్టి కూడా చూశారు. పగలు 11 నుంచి 2 గంటల మధ్యే మార్పు బాగా జరిగింది.

కోల్‌కతా లెక్క వేరు

తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది, కోల్‌కతా 22.6 డిగ్రీల దగ్గర. డిసెంబరు 21న మధ్యాహ్నం తిరుపతిలో సూర్యుడు దాదాపు 53 డిగ్రీల ఎత్తుకు వస్తాడు. కోల్‌కతాలో 44 డిగ్రీలకు మించడు. 150 సెంటీమీటర్ల పొడవున్న మన స్నేహితుడి నీడ ఆ రోజు తిరుపతిలో 113 సెంటీమీటర్లు, కోల్‌కతాలో 155 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఇక్కడ నీడ మనిషికంటే పొడవు!

దీన్నిబట్టి ఒక సులువైన సూత్రం గుర్తుపెట్టుకుందాం. మన నీడ మనకంటే పొట్టిగా ఉంటే డి విటమిన్ బాగా తయారవుతుంది. పొడవుగా ఉంటే నెమ్మదిగా తయారవుతుంది. కోల్‌కతా చలికాలంలో మధ్యాహ్నపు ఎండే కాస్తో కూస్తో పనిచేసే ఎండ. బెంగాలీలు చలికాలంలో ఇష్టంగా ఎండ కాచుకోవడాన్ని ‘రోద్ పోహానో’ అంటారు. మనమూ మేడమీద వాళ్లతో కలిసి కూర్చోవచ్చు, కాకపోతే మధ్యాహ్నం దగ్గరపడ్డాక.

గడియారంలోనూ తేడా ఉంది. దేశమంతటికీ సమయం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. కోల్‌కతా దానికి తూర్పున ఉంది. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కవేస్తే, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి చేరేది సగటున 11 గంటల 36 నిమిషాలకే. తిరుపతిలో 12 గంటల 12 నిమిషాలకు. పాత ఊళ్లోని మధ్యాహ్నపు ఎండ ఇక్కడ అరగంట ముందే వచ్చేస్తుంది.

పాఠశాలలు ఉదయపు ప్రార్థనను 11, 1 గంటల మధ్యకు మార్చుకోవాలని 2018 ఏప్రిల్‌లో ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ ‘ప్రాజెక్ట్ ధూప్’ ద్వారా సూచించింది. ప్రార్థన సమయం మారినా మారకపోయినా, మధ్యాహ్నానికి ముందు విరామంలో వరండా వదిలి మైదానంలోకి వెళ్లడం మన చేతుల్లో ఉంది. ముఖం, చేతులకు వారంలో కొన్ని రోజులు 20 నుంచి 30 నిమిషాలు ఎండ తగిలితే చాలా మందికి మేలు. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ తగలకుండా సమయం తగ్గించుకోవాలి. చర్మం మండేదాకా ఉండకూడదు. సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు.

తిండి, మందు

ఆహారంలో డి విటమిన్ ఉండేవి తక్కువ. గుడ్డు పచ్చసొన, కొవ్వు ఎక్కువగా ఉన్న చేపలు వాటిలో ముఖ్యమైనవి. గోదావరి జిల్లాల్లో పులస అని మురిసిపోయే చేపే ఇక్కడి ఇలిశ్. పాల ప్యాకెట్ మీద, నూనె ప్యాకెట్ మీద నీలిరంగు ‘ప్లస్ ఎఫ్’ గుర్తు ఉంటే వాటిలో ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. కాల్షియం కోసం పాలు, పెరుగు, నువ్వులు, రాగులు ఉండనే ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

అయినా లోపం ఉంటే డాక్టరు రక్తపరీక్ష చేయించి మందు రాస్తారు. ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. మన వయసువాళ్లకు రోజుకు 600 యూనిట్లు చాలని 2020లో భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించాయి. మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్‌లో 60,000 యూనిట్లు ఉంటాయి. అంటే ఒక్క ప్యాకెట్ 100 రోజుల లెక్క! అందుకే దాన్ని సాధారణంగా వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలే వాడమంటారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం. ఎండ వల్ల ఎక్కువ తయారైతే చర్మమే దాన్ని పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. మింగిన మందుకు ఆ అడ్డుకట్ట లేదు. అది కొవ్వులో నిలవ ఉండిపోతుంది. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతి దాహం, చివరికి మూత్రపిండాలకు హాని కలుగుతాయి.

బదిలీ కుటుంబాల్లో ఈ పొరపాటుకు అవకాశం ఎక్కువ. పాత ఊరి డాక్టరు రాసిన చీటీ సామాన్ల మూటలో ఉండిపోతుంది. కొత్త ఊరి డాక్టరు మళ్లీ అదే మందు వేరే పేరుతో రాస్తారు. కాబట్టి పాఠశాల బదిలీ పత్రంతో పాటు మందుల చీటీలనూ ఒకే ఫైల్లో పెట్టమని అమ్మానాన్నలకు చెబుదాం. ఏ మందు, ఎన్ని వారాలు వాడామో కొత్త డాక్టరుకు చూపిద్దాం.

చేసి చూద్దాం

ఈ డిసెంబరులో ఎండ కాసే ఒక రోజు 11 గంటల నుంచి 12 గంటల వరకు పావుగంటకోసారి మన నీడను టేపుతో కొలిచి పట్టికలో రాద్దాం. ఏ సమయంలో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉందో గుర్తిద్దాం. పాత పాఠశాలలోని స్నేహితుణ్ణి కూడా అదే రోజు కొలిచి పంపమందాం. అతను మనకు పడమటి వైపు ఊళ్లో ఉంటే మరో అరగంట సేపు కొలవాలని చెప్పడం మరిచిపోవద్దు. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టుకుంటే థియోబాల్డ్ పామ్ చూసినట్టే మనమూ రెండు ఊళ్ల ఎండను చూడగలుగుతాం.