ద్వీపములలో నర్సు వృత్తి: చదువు, శిక్షణ, ఉద్యోగము

వైద్యుడు రోగిని దినమునకు ఒకటి రెండు పర్యాయములు చూచి, మందు వ్రాసి వెళ్లును. మిగిలిన వేళ యంతయు రోగి నర్సు సంరక్షణలో ఉండును. జ్వరము పెరిగినదా, గాయము చీము పట్టుచున్నదా, బాలెంతకు రక్తస్రావము హెచ్చుచున్నదా అని మొదట కనిపెట్టునది నర్సే. ఆమె ఒక గడియ ఏమరినచో, ఎంత గొప్ప వైద్యుని మందైనను వృథా కావచ్చును. కావున నర్సు పని సానుభూతి ఒక్కదానితో సాగునది కాదు. అది శాస్త్రము చదివి, చేతితో అభ్యసించి నేర్వవలసిన విద్య. 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేర లండనులో పాఠశాల నెలకొల్పబడినప్పటినుండి ప్రపంచము ఈ సత్యమును గుర్తించినది. మన దేశమున 1946లో ఢిల్లీలోను వెల్లూరులోను నర్సింగు పట్టపు చదువు ఆరంభమైనది.

ద్వీపములలో నర్సు అవసరము

అండమాన్ నికోబార్ దీవులు ఉత్తరమునుండి దక్షిణమునకు ఏడువందల కిలోమీటర్లకు పైగా వ్యాపించి యున్నవి. 2011 జనాభా లెక్కల ప్రకారము ఇచటి జనసంఖ్య సుమారు 3,80,000. అందు నూటికి పదమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి ఓడనెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబములు వీరిలో అనేకము.

2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టు బ్లెయిరులో గోవింద వల్లభ పంత్ ఆసుపత్రియు, మాయాబందరులో ఆర్. పి. ఆసుపత్రియు, కార్ నికోబారులో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ ఆసుపత్రియు కలవు. వీనికి దూరముగా నున్న దీవులలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, ఉపకేంద్రములే ప్రజలకు ఆధారము. మైదాన ప్రాంతములలో 5,000 మందికి ఒక ఉపకేంద్రమును, గిరిజన ప్రాంతములలోను చేరుట కష్టమైన ప్రాంతములలోను 3,000 మందికి ఒకటియు ఉండవలెనని నియమము.

సముద్రము పోటెత్తినప్పుడు పడవ కదలదు. గాలివాన వేళ హెలికాప్టరు ఎగురదు. అట్టి రాత్రి ప్రసవవేదన పడుచున్న స్త్రీని ఇచటనే ఉంచవచ్చునా, తెల్లవారగనే పెద్ద ఆసుపత్రికి పంపవలెనా అను నిర్ణయమునకు మొదట పూనుకొనవలసినది ఉపకేంద్రములోని నర్సే. ఆమె శిక్షణ పూర్ణమైనదైనచో రెండు ప్రాణములు దక్కును.

ఒక నర్సు చరిత్ర

మధ్య అండమానులోని రంగత్‌కు చెందిన శ్రీమతి శాంతి తెరెసా లక్రా సహాయక నర్సు-మంత్రసానిగా శిక్షణ పొంది, 2001లో లిటిల్ అండమాను దీవిలోని డుగాంగ్ క్రీక్‌లో పనిలో చేరెను. అది ఓంగే గిరిజనుల నివాసము. ఆ జాతివారు నూరుమంది మాత్రమే. కొత్తవారిని వారు త్వరగా నమ్మరు. ఆమె వారి నడుమ నివసించి, వారి మాట తెలిసికొని, వారి విశ్వాసమును సంపాదించెను.

2004 డిసెంబరు 26వ తేదీన సునామీ ఆ తీరమును ముంచెత్తినది. సముద్రము వెనుకకు పోవుట చూచి అపాయము గ్రహించిన ఓంగేలు మెరక ప్రదేశమునకు తరలిపోయి ప్రాణములు దక్కించుకొనిరి. శ్రీమతి లక్రా వారిని విడువలేదు. అడవిలో వారితోపాటు ఉండి సేవ చేసెను. 2006 వరకు డుగాంగ్ క్రీక్‌లోనే పనిచేసి, పిమ్మట పోర్టు బ్లెయిరు పెద్ద ఆసుపత్రికి వచ్చెను. భారత ప్రభుత్వము 2011లో ఆమెకు పద్మశ్రీ బిరుద మొసగినది. ఆమె చదివినది నర్సు చదువులలో మొదటి మెట్టు మాత్రమేయని విద్యార్థులు గమనింపవలెను.

శిక్షణకు మూడు మార్గములు

మొదటిది సహాయక నర్సు-మంత్రసాని శిక్షణ, దీనినే ఏ.ఎన్.ఎం. అందురు. కాలము రెండు సంవత్సరములు. పన్నెండవ తరగతిలో ఏ విభాగము చదివినవారైనను అర్హులే. గర్భిణుల పరీక్ష, ప్రసవము, శిశువులకు టీకాలు, కుటుంబ సంక్షేమము, ఇంటింటికి పోయి ఆరోగ్య విచారణ చేయుట ఇందులో ముఖ్యములు.

రెండవది జి.ఎన్.ఎం. అను డిప్లొమా. కాలము మూడు సంవత్సరములు. ఇంగ్లీషుతో పన్నెండవ తరగతి ఉత్తీర్ణులై యుండవలెను. ఆసుపత్రి వార్డులలో పనిచేయగోరువారికి ఇది చిరకాలముగా రాజమార్గము.

మూడవది బి.ఎస్‌సి. నర్సింగు. కాలము నాలుగు సంవత్సరములు. భౌతిక, రసాయన, జీవశాస్త్రములు మూడును, ఇంగ్లీషును పన్నెండవ తరగతిలో చదివినవారే అర్హులు.

ఇచట తల్లిదండ్రులు ఒక విషయమును మరువరాదు. పదునొకండవ తరగతిలో చేరునాడే ఈ మూడవ ద్వారము తెరచుకొనుటయో మూసికొనుటయో జరుగును. విజ్ఞానశాస్త్రము కష్టమని వదలిన బాలిక, రెండేండ్లు గడచిన పిదప పట్టపు చదువు కోరినను నేరుగా చేరజాలదు. అట్లని ఆమె నిరాశ చెందనక్కరలేదు. ముందు డిప్లొమా ముగించి, పిదప రెండేండ్ల పోస్ట్ బేసిక్ చదువు వలన అదే పట్టము పొందవచ్చును. మార్గము దీర్ఘమగును గాని మూసుకొనిపోదు. ఈ వృత్తిలో పురుషులకును స్థానము కలదు.

తెలుగు మాధ్యమమున చదివిన విద్యార్థులకు పాఠములు ఇంగ్లీషులో ఉండుట మొదట కష్టముగా తోచును. మందుల మోతాదు, కేసు చీటీ, పరీక్షల ఫలితములు అన్నియు ఆ భాషలోనే ఉండును. కావున చేరుటకు ముందే కొన్ని మాసములు ఆ భాషను అభ్యసించుట మేలు. ఉద్యోగమున మాత్రము తెలుగు, తమిళము, బెంగాలీ, హిందీ ఎన్ని తెలిసిన అంత లాభము. రోగి తన బాధను తన మాటలలోనే చెప్పుకొనును.

ముందున్న మెట్లు

ఏ.ఎన్.ఎం. శిక్షణ పొందినవారు అనుభవముతో ఆరోగ్య సందర్శకురాలి పదవికి ఎదుగవచ్చును. ఆసుపత్రి స్టాఫ్ నర్సులకు 2016లో కేంద్ర ప్రభుత్వము నర్సింగ్ ఆఫీసరు అను పదవీనామము నిచ్చినది. వీరు క్రమముగా సీనియర్ ఆఫీసరు, సూపరింటెండెంటు పదవులకు పోదురు. రెండేండ్ల ఎం.ఎస్‌సి. ముగించినవారు కళాశాలలలో బోధింపవచ్చును. ప్రమాదస్థితిలో నున్న రోగుల సంరక్షణకు నర్స్ ప్రాక్టీషనర్ చదువును, ప్రసవసేవకు పదునెనిమిది మాసముల ప్రత్యేక శిక్షణయు కలవు. ఆరోగ్య కేంద్రములలో సామాజిక ఆరోగ్య అధికారి పదవియు నర్సులకు తెరచియున్నది. సైనిక నర్సింగు సేవ మరియొక మార్గము.

విదేశములకు పోదలచినవారు దళారుల మాట నమ్మరాదు. గల్ఫు దేశములతో కూడిన 18 దేశములకు పోవు నర్సులు 2015 నుండి ప్రభుత్వపు ఇ-మైగ్రేట్ విధానము ద్వారానే పోవలసి యున్నది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలు ఈ విషయమున సహాయపడుచున్నవి.

చేరుటకు ముందు విచారింపవలసినవి

ద్వీపములలోని శిక్షణావకాశములు ఆరోగ్యసేవల డైరెక్టరేటు ప్రకటనల వలన తెలియును. ప్రధాన భూభాగమునకు పోవువారికి ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. విశ్వవిద్యాలయము, తెలంగాణలో కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయము ఆరోగ్యవిద్యకు ప్రత్యేకింపబడినవి. వయస్సు, మార్కులు, ప్రవేశపరీక్షల నిబంధనలు మారుచుండును గనుక ఆ సంవత్సరపు ప్రకటననే ప్రమాణముగా గైకొనవలెను.

సముద్రము దాటి కుమార్తెను పంపి, ఉన్న బంగారము కుదువపెట్టి రుసుము చెల్లించిన పిదప ఆ పాఠశాలకు గుర్తింపు లేదని తెలిసినచో ఆ కుటుంబము గతి యేమి? కావున ముందుగా ఈ ప్రశ్నలు అడుగవలెను. భారత నర్సింగు మండలి షరతులకు ఆ పాఠశాల సరిపోవుచున్నదా? రాష్ట్ర మండలి జాబితాలో దాని పేరున్నదా? దానికి అనుబంధముగా నూరు పడకల ఆసుపత్రి కలదా? ఆ పడకలలో రోగులు నిజముగా ఉన్నారా? రోగి లేని ఆసుపత్రిలో నేర్చిన నర్సు ఈత పుస్తకము చదివి సముద్రములో దిగిన వానివంటిది. చదువు ముగిసిన పిదప రాష్ట్ర మండలిలో పేరు నమోదు చేయించుకొననిదే వృత్తి చేయరాదు.

కష్టము, గౌరవము

ఈ వృత్తిలో రాత్రి పని తప్పదు. పండుగనాడు ఇంట ఉండుట కుదరకపోవచ్చును. సూది గ్రుచ్చుకొనుట వలన రోగము సోకు భయము కలదు. అందువలన శిక్షణారంభముననే హెపటైటిస్-బి టీకా వేయించుకొనుట శ్రేయస్కరము. రాత్రి పని చేయు పిల్లకు సంబంధము దొరకునా అని సందేహించు పెద్దలు నేటికిని కొందరు కలరు. వారి ఇంటిలోనే ఒకనాడు అర్ధరాత్రి ప్రసవము కష్టమైనప్పుడు, దీపము పట్టుకొని గుమ్మములో నిలువవలసినది మరొకరి కుమార్తె యని వారు తలచుకొందురు గాక.

పన్నెండవ తరగతి చదువుచున్న బాలబాలికలు, వారి తల్లిదండ్రులు ఒకమారు సమీప ఆరోగ్య కేంద్రమునకు పోయి, అచటి నర్సుతో ఒక పూట గడపి ఆమె పనిని కన్నులార చూడవలెను. ఆ పిమ్మట తీసికొను నిర్ణయము తొందరపాటుది కాజాలదు.