పగడపు తొట్టికి ఇసుకయు ఱాయియు

ఇంటిలో గాజుతొట్టి నమర్చి, ఉప్పునీరు నింపి, పగడపు దిబ్బలయందు తిరుగాడు చేపలను పెంచవలెనని కోరు విద్యార్థులు కొందఱు కలరు. ఇట్టి తొట్టికి దీపము, పంపు, ఉప్పు మొదలగునవి కొనక తప్పదు. అడుగున పఱచు ఇసుకను, పైన పేర్చు ఱాతిని ఎన్నుకొనుటలో వివేకము చూపినచో ధనము మిగులును. చూపనిచో ధనముతోపాటు ప్రాణులును నశించును.

మొదట ఱాయి చేయు పని యేదో తెలిసికొనవలయును. చేపల మలమూత్రములనుండియు, మిగిలిన మేతనుండియు అమోనియా పుట్టును. ఇది చేపలకు విషము. ఱాతిమీదను, ఇసుకరేణువుల మీదను నివసించు ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మఱియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగాను మార్చును. నైట్రేటు వలని హాని మిక్కిలి తక్కువ. ఱాతిలోపల ప్రాణవాయువు చొరని సన్నని రంధ్రములలో వేఱొక జాతి దానిని నత్రజనిగా మార్చి వెలికి పంపును. కావున ఱాయి అలంకారము మాత్రమే కాదు. తొట్టినీటిని శుద్ధిచేయు సాధనము.

ఱాయి తూకమునకు అమ్మబడును. మనకు కావలసినదో, తూకము గాదు, రంధ్రములు. సమానమైన పరిమాణము గల రెండు ఱాళ్లను చేతబట్టి చూచి, తేలికైన దానిని గైకొనుడు. అది సూక్ష్మజీవులకు ఎక్కువ నివాసమిచ్చును, వెలయు తగ్గును. కడప నల్లబండయు, పలనాటి బండయు సున్నపుఱాళ్లే, చౌకయే. కాని వాని ఒడలు దట్టమగుటచే ఈ పనికి అంతగా ఉపకరింపవు.

సముద్రమునుండి తడిగా తెచ్చిన ఱాతిని వర్తకులు లైవ్ రాక్ అందురు. సూక్ష్మజీవులు అందు ముందే ఉండును. కాని వెల హెచ్చు, పిలువని చుట్టములవలె పీతలును పురుగులును వెంట వచ్చును. ఎండు ఱాయి చౌక. దానిని ఉప్పునీట నుంచి, పంపు నడపుచు, దినమునకొక చిటికెడు మేత వేయుచు నాలుగు మొదలు ఎనిమిది వారములు ఓర్చినచో సూక్ష్మజీవులు స్థిరపడును. ఇక్కడ ధనమునకు బదులు కాలమును వెచ్చింతుము.

సముద్రమున పగడపు ముక్కలు ఉచితముగా దొరకును గదా యని కొందఱు తలంతురు. అది తగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో, దిబ్బలు కట్టు పగడములు 2001లో చేర్చబడినవి. వానిని తీయుటయు, అమ్ముటయు నేరము. ఈ కట్టడి ఏల వలసెనో మన్నారు సింధుశాఖ తెలుపును. అచ్చటి 21 దీవులలో పూవరసన్‌పట్టి, విలాంగుచల్లి అను రెండు నీట మునిగినవి. సున్నమునకును కట్టడములకును చిరకాలము పగడపుఱాళ్లను తవ్వుట ఇందుకు ముఖ్యకారణము. అలల దెబ్బను కాచు దిబ్బ పోయిన పిదప దీవి నిలువదు.

ఎండు ఱాయి దొరకనిచో ఇంటనే చేసికొనవచ్చును. సిమెంటు ఒక పాలు, పొడిచేసిన ఆలిచిప్పలును గల్లుప్పును కలిపి నాలుగు పాళ్లు తీసికొని, కొద్ది నీటితో ముద్దచేసి, తడి ఇసుక గుంటలో పోయవలెను. చేతులకు తొడుగులు ఉండవలెను; ఏలయన సిమెంటు చర్మమును కాల్చును. చిప్పలను దంచవలెనే గాని కాల్చరాదు; కాల్చినచో అవి ఘాటైన సున్నమగును. ముద్ద గట్టిపడిన పిదప మంచినీట వేసి, నీరు తఱచుగా మార్చుచు 6 మొదలు 8 వారములు నాననిండు. ఉప్పు కరగి రంధ్రములు ఏర్పడును. సిమెంటులోని క్షారము వెడలును. ఒకదినము కదపక యుంచిన నీటి పీహెచ్ 8.5 కంటె తక్కువగా నున్నప్పుడే ఆ ఱాతిని వాడవలెను.

ఇక ఇసుక. పగడపు తొట్టికి ఆరగొనైట్ ఇసుక, అనగా ఒక విధమగు కాల్షియం కార్బొనేట్, శ్రేష్ఠము. దానిపై కొన్ని చుక్కలు వెనిగర్ వేసినచో బొగ్గుపులుసు వాయువు బుడగలుగా లేచును. ఏటి ఇసుక ప్రధానముగా సిలికా గనుక ఇట్లు పొంగదు. విశాఖ, భీమునిపట్టణముల తీరపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ మొదలగు బరువైన ఖనిజములు కలిసియుండును గనుక అది వలదు. రేణువు 1 మొదలు 2 మిల్లీమీటర్లుండుట మేలు. మఱింత సన్ననిది పంపు తాకిడికి లేచును. మోటుదానిలో మురికి చిక్కుకొనును. అయితే ఈ ఇసుకయే నీటికి కావలసిన కాల్షియమునంతను ఇచ్చునని నమ్మరాదు. సముద్రపు నీటికి సహజమైన 8.1, 8.2 పీహెచ్‌లో అది కరగుట అత్యల్పము.

ఎంత కొనవలెను? 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు గల తొట్టిలో రెండున్నర సెంటీమీటర్ల మందమునకు 4,500 ఘన సెంటీమీటర్లు, అనగా నాలుగున్నర లీటర్ల ఇసుక పట్టును. లీటరు సుమారు ఒకటిన్నర కిలో తూగును గనుక 7 కిలోలు చాలును. మందము 10 సెంటీమీటర్లైనచో ఖర్చు నాలుగింతలగును.

ఱాతిని ముందుగా గాజు అడుగున కదలకుండ నిలిపి, తరువాత చుట్టును కడిగిన ఇసుక పోయుడు. ఇసుకపై నిలిపిన ఱాయి, చేపలు త్రవ్విన నాడు ఒరిగి గాజును పగులగొట్టవచ్చును. మేత వేయుచున్నను అమోనియా, నైట్రైటు రెండును సున్నగా నిలుచువఱకు ఒక్క చేపనైనను విడువకుడు. తొందరపడి విడిచిన చేప చచ్చినచో, ఇసుకలోను ఱాతిలోను మిగిల్చిన ధనము మిగిలినట్లు కాదు.