ముత్యముల వర్తకుడు – యౌవనస్థుని యెన్నిక

పాఠ్యభాగము: మత్తయి 13:45, 46, లూకా 14:28–30, 1 కొరింథీయులకు 9:24–27



గత వేసవిలో మా సంఘములోని ఒక కుటుంబమువారు కుమార్తె పెండ్లి బట్టలు కొనుటకు హైదరాబాదు వెళ్లుచు నన్నును వెంటబెట్టుకొనిరి. చార్మినారునకు ఉత్తరమున నున్న పత్తర్‌గట్టిలో బట్టల దుకాణములును, ముత్యముల దుకాణములును వరుసగా నున్నవి. 1908లో మూసీనది పొంగి నగరమును పాడుచేసిన తరువాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థవారు ఆ వీధిని తీర్చిదిద్ది, రాతి కమానులతో ఈ అంగళ్లను కట్టించిరి. ఆ రాతి కట్టడమునుబట్టియే దానికి ఆ పేరు.

ఆడవారు చీరలు చూచుచుండగా, పెండ్లికుమార్తె తమ్ముడును నేనును ఒక ముత్యముల దుకాణము ముందు నిలిచితిమి. మేము కొనువారము కాకపోయినను దుకాణదారుడు మమ్మును పొమ్మనలేదు. ఆయన గుడ్డమీద ముత్యములు పోసి, ఒక్కొక్కదానిని వ్రేలితో దొర్లించి, వెలుతురులో చూచి వేరుపరచుచుండెను. నా కంటికి అన్నియు ఒక్కటే. అప్పుడు ఆ పిల్లవాడు మెల్లగా, "అయ్యగారూ, నా సంగతి కూడా ఇట్లాగే ఉంది. రెండూ మంచివిగానే కనబడుతున్నాయి" అనెను.

అతని సంగతి యిది. అతడు పదునెనిమిదేండ్లవాడు. ఫుట్‌బాలులోను క్రికెట్టులోను మా ప్రాంతమున అతనికి సాటి లేరు. ఒక కళాశాలవారు ఆటల కోటాలో సీటును హాస్టలును ఇచ్చెదము, మా ఫుట్‌బాల్ జట్టులో ఆడుమనిరి. నగరములోని ఒక క్రికెట్టు క్లబ్బువారు నెలనెల రొక్కమిచ్చెదము, మాకు ఆడుమనిరి. తండ్రి నెత్తిమీద పెండ్లి అప్పు ఉన్నది. తల్లికి కొడుకు చదువుకొనవలెనని ఆశ. ఆ సంగతి ఎత్తినప్పుడెల్ల ఇంటిలో పొయ్యి వెలుగని పూటలు కలవు. "దేవుని చిత్తమేదో మీరే చెప్పండి" అని అతడు నన్నడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పాస్టరు నోటి మాటనే దైవచిత్తమని పట్టుకొని, కష్టము వచ్చినప్పుడు పాస్టరునో దేవునినో నిందించినవారిని నేనెరుగుదును. గనుక ఆ ఉపమానమునే అతనితో కలిసి ధ్యానించితిని.

1. విడిచినవి కూడ మంచి ముత్యములే

ప్రభువు చెప్పిన వర్తకుడు గాజుపూసలు అమ్మి ముత్యము కొనలేదు. అతడు మంచి ముత్యముల బేరగాడు. అమ్మినవి కూడ వెలగలవే. చెడ్డదానిని విడుచుట పశ్చాత్తాపము. మంచిదానిని విడుచుట యెన్నిక. ఈ రెంటిని కలిపివేసి, "ఇది దేవునిది, అది సాతానుది" అని యౌవనస్థులను బెదరింపరాదు. ఆ రెండాటలును దేవుడిచ్చిన బలమునుండి వచ్చినవే.

రెంటిని పట్టుకొనరాదా అని అడుగువారు కలరు. హైదరాబాదువాడైన యస్.యమ్. హాది క్రికెట్టు, టెన్నిసు, ఫుట్‌బాల్, హాకీ, పోలో, టేబుల్ టెన్నిసు, చదరంగము అను ఏడు ఆటలలో ఆరితేరి, ఇంద్రధనుస్సు హాది అని పేరుపొందెను. 1924లో పారిస్ ఒలింపిక్సులో టెన్నిసు ఆడెను. 1934–35లో రంజీ ట్రోఫీ పోటీలలో మొట్టమొదటి సెంచరీ చేసెను. అట్టి వరము ఏ కొందరికో దొరకును. అప్పుల ఇంట పుట్టి, ఆటనే బ్రతుకుదెరువు చేసికొనవలసిన మన బిడ్డలు ఒకనాడు ఒకదానిని విడువవలసినదే.

2. వెల లెక్క చూడవలెను

గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను. ఇందుకు మన తెలుగువారిలోనే సాక్ష్యము కలదు. 1974లో హైదరాబాదులో పుట్టిన వి.వి.యస్. లక్ష్మణ్ మన సంఘస్థుడు కాకపోయినను, ఆయన బ్రతుకు మనకు పాఠమే. తలిదండ్రులిద్దరును విజయవాడలో వైద్యులు. ఆయనయు చదువులో గట్టివాడే. వైద్యవిద్యయా, క్రికెట్టా అను ప్రశ్న వచ్చినప్పుడు క్రికెట్టునే యెన్నుకొనెను. అయితే గ్రుడ్డిగా దుమకక, కొన్నియేండ్లు గడువు పెట్టుకొని, భారత జట్టులో చోటు దొరకనియెడల చదువునకు మరలవలెనని తలంచెను. 1996లో టెస్టు జట్టులో ప్రవేశించెను. 2001లో కలకత్తాలో, ఫాలో ఆన్‌లో పడిన మన జట్టును 281 పరుగులతో నిలబెట్టెను.

జనులు ఆ 281నే జ్ఞాపకముంచుకొందురు. 134 టెస్టులాడి 8,781 పరుగులు చేసిన ఆయనకు ప్రపంచకప్పులో ఒక్క ఆటయైనను ఆడు భాగ్యము కలుగలేదు. 2003లో జట్టు యెన్నికలో ఆయన పేరు విడువబడెను. తెలివిగా యెన్నుకొన్నవానికి సహా కొరత తప్పదు. కొరత వచ్చినంతమాత్రమున యెన్నిక తప్పని అనుకొనరాదు.

3. బెజ్జము ఒక్కసారియే

ఆ దుకాణదారుడు మాకొక మాట చెప్పెను. బెజ్జము వేయనిదే ముత్యము దండలో చేరదు. తప్పుచోట వేసినయెడల వెల పడిపోవును, పూడ్చుటకు వీలులేదు. అందుచేత పనివాడు ముందుగా దానిని నలుదిక్కుల త్రిప్పి చూచునట. అయితే భయపడి బెజ్జమే వేయనివాని ముత్యము డబ్బాలోనే ఉండిపోవును. తలాంతును భూమిలో దాచిపెట్టిన దాసుని గతి యిదియే.

హాది వెళ్లిన ఆ పారిస్ ఒలింపిక్సుకే స్కాట్లాండునుండి ఎరిక్ లిడ్డెల్ అను విశ్వాసి వెళ్లెను. అతడు రగ్బీ ఆటలో తన దేశము పక్షమున ఏడుమారులు ఆడినవాడు. పరుగుకొరకు రగ్బీని విడిచెను. 100 మీటర్ల తొలి పరుగులు ఆదివారమున పడగా, దానినిని విడిచెను. 400 మీటర్లు 47.6 సెకండ్లలో పరుగెత్తి బంగారు పతకమందెను. మరుసటి యేడే ఆ కీర్తిని వెనుకబెట్టి మిషనరీగా చీనాకు వెళ్లి, 1945లో అక్కడి యుద్ధ నిర్బంధ శిబిరములో ప్రభువునందు నిద్రించెను. అతడు విడిచిన వాటిలో ఒక్కటియు చెడ్డది కాదు. విలువైన ముత్యము అతనికి ముందే దొరికినది గనుక మిగిలినవాటిని వదలుటకు అతని చేయి వణకలేదు.

ఇదియే పాఠములోని సారము. ఆ ఉపమానములోని ముత్యము ఫుట్‌బాలు కాదు, క్రికెట్టు కాదు. అది దేవుని రాజ్యము. ఆ మొదటి యెన్నిక స్థిరపడినయెడల, రెండవది ప్రాణభయముతో చేయవలసిన పని కాదు. ఏది యెన్నుకొన్నను దేవుని బిడ్డయే. ఓడినను దేవుని బిడ్డయే.

తిరుగు బస్సులో నేనతనిని మూడు ప్రశ్నలడిగితిని. ఎవరును చప్పట్లు కొట్టని దినమున నీవు ఏ ఆట ఆడుదువు? మోకాలు విరిగినయెడల నీకేమి మిగులును? నీ యెన్నికకు వెల చెల్లించువారెవరు? మూడవ ప్రశ్నకు అతడు చాలసేపు మాటాడక తండ్రివైపు చూచెను.

నెల తరువాత అతడు కళాశాలలో చేరెను. "అప్పు నాది, చదువు వాడిది" అని తండ్రియే మొదట అన్నాడట. సెలవులలో అతడు కూలిపనికి వెళ్లి తండ్రికి తోడ్పడుచున్నాడు. క్రికెట్టు క్లబ్బులో అతని చోటు మరియొకనికి దొరకెను. క్రిస్మసుకు వచ్చినప్పుడు, "వాడు ఆడుతుంటే చూడలేను అయ్యగారూ, కడుపులో తిప్పుతుంది" అనెను. అది పాపము కాదు నాయనా, నీవు అమ్మిన ముత్యము మంచిదనుటకు అది గురుతు అంటిని. ఇద్దరము కలిసి క్లబ్బులోని ఆ పిల్లవాని కొరకు ప్రార్థించితిమి.

ఆలోచించుటకు: (1) మీ బిడ్డ తలాంతును మీరు ఏ త్రాసులో తూచుచున్నారు? (2) విడిచిన మేలును తలంచుకొని, చేతిలోనున్న మేలును తృణీకరించుచున్నారా?

ప్రార్థన: ప్రభువా, మేలైన రెంటి మధ్య నిలిచిన మా బిడ్డలకు జ్ఞానమును, విడుచుటకు ధైర్యమును, విడిచిన తరువాత సమాధానమును దయచేయుము. ఆమేన్.