పేరు ఒక్కటే, మనుషులు ఇద్దరు!

వినుకొండ బజారులో నిలబడి "కోటేశ్వరరావు గారూ!" అని గట్టిగా పిలిస్తే ఎంతమంది వెనక్కి తిరిగి చూస్తారు? ఒక్కరే అయితే ఆశ్చర్యపడాలి. నరసరావుపేట పక్కనే కోటప్పకొండ ఉంది కదా! ఆ కొండమీది త్రికోటేశ్వరస్వామి పేరు పలనాటి ఇళ్లలో కోటయ్య, కోటేశ్వరరావు, కోటిరెడ్డి, కోటమ్మ అనే రూపాలలో తరతరాలుగా వస్తున్నది. వినుకొండ కొండమీద వెలసిన రామలింగేశ్వరస్వామి పేరు సంగతీ అంతే. దేవుడు ఒక్కడు, భక్తులు వేలమంది. మరి పేర్లు కలవక ఏం చేస్తాయి?

బజారులో పేర్లు కలిస్తే నవ్వుకొని ఊరుకుంటాం. కాని ఒకే పేరుగల ఇద్దరూ డాక్టర్లు అనుకోండి. వారిలో ఒకరు తప్పు చేసినందుకు వైద్యమండలి ఆయన లైసెన్సును కొంతకాలం నిలిపివేసింది. ఆ వార్త విన్నవారు రెండో డాక్టరు గారి దగ్గరకు వెళ్లడం మానేస్తే? ఏ తప్పూ చేయని మనిషికి శిక్ష పడినట్లే. లేదా చదువే లేనివాడు ఒకడు, అదే పేరుగల అసలు డాక్టరు పట్టా తనదేనని చెప్పుకొని సూది మందు ఇస్తే? అప్పుడు ప్రమాదం రోగి ప్రాణానికే. కనుక "ఈ పేరు ఎవరిది?" అన్న ప్రశ్న చిన్నది కాదు. దీనికి జవాబు గణితంలో దొరుకుతుంది. చూద్దాం.

జంటల లెక్క

ఒక పట్టికలో 1000 మంది పేర్లు ఉన్నాయి. ఏ ఇద్దరిని తీసుకున్నా, వారి పేర్లు కలిసే అవకాశం పదివేలలో ఒకటి అనుకుందాం. చాలా తక్కువ అనిపిస్తుంది, అవునా? కాని 1000 మందిలో ఎన్ని జంటలు ఉన్నాయో లెక్కించండి. 1000ని 999తో హెచ్చించి, రెండుతో భాగిస్తే 4,99,500 జంటలు. వాటిని పదివేలతో భాగిస్తే సుమారు 50. అంటే ఆ పట్టికలో 50 జంటల పేర్లు కలుస్తాయని ఎదురుచూడవచ్చు.

పట్టికలో 10,000 మంది ఉంటే? జంటలు 4,99,95,000. కలిసే పేర్ల జంటలు సుమారు 5,000! మనుషులు పది రెట్లు పెరిగితే, పేర్ల చిక్కు వంద రెట్లు పెరిగింది. పల్లెలో "పెద్ద కోటయ్య", "చిన కోటయ్య", "చెరువుగట్టు కోటయ్య" అని చెప్పుకొంటే సరిపోయేది. రాష్ట్రమంతటికీ ఒకే పట్టిక ఉన్నప్పుడు ఆ ఉపాయం ఎందుకు పనిచేయదో తెలిసింది కదా!

తాత పేరు, తండ్రి పేరు

ఇప్పుడు పేరుకు తోడు తండ్రి పేరు కూడా రాశామనుకోండి. తండ్రుల పేర్లు కలిసే అవకాశం వెయ్యిలో ఒకటి అయితే, 5,000 జంటలు 5 జంటలకు దిగుతాయి. లైసెన్సు పొందిన సంవత్సరాన్ని కూడా చేరిస్తే, మిగిలినవారిలోనూ చాలావరకు విడిపోతారు. ఒక్కొక్క వివరం ఒక్కొక్క జల్లెడ వంటిది.

మన తెలుగువారిలో తండ్రి పేరుకు మరొక ప్రత్యేకత ఉంది. మనుమడికి తాత పేరు పెట్టే ఆచారం చాలా ఇళ్లలో ఉంది. ఇద్దరు అన్నదమ్ములు తమ తమ కొడుకులకు తమ నాన్న పేరే పెట్టారనుకోండి. ఆ పిల్లలిద్దరికీ ఇంటిపేరు ఒక్కటే, పేరూ ఒక్కటే. ఊరూ ఒక్కటే కావచ్చు. వేరుగా ఉండేది తండ్రి పేరు మాత్రమే! పాత దస్తావేజులలో "ఫలానావారి కుమారుడు" అని తప్పక రాయడంలోని ఉపయోగం ఇదే.

పొడి అక్షరాలు తెచ్చే తంటా

యల్లాప్రగడ సుబ్బారావు గొప్ప జీవరసాయన శాస్త్రవేత్త. కోకా సుబ్బారావు 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. రాయప్రోలు సుబ్బారావు కవి. ముగ్గురు సుబ్బారావులనూ విడదీస్తున్నది ఇంటిపేరే. కాని ఇంటిపేరును కుదించి "కె. సుబ్బారావు" అని రాస్తే? కోకా వారో, కొల్లా వారో, కందుల వారో ఎలా తెలుస్తుంది? కాగితం మీద నాలుగు అక్షరాల చోటు మిగులుతుంది గాని, మనిషి ఆనవాలు పోతుంది.

ఇంగ్లీషు అక్షరాలతో మరొక చిక్కు. "రావు" అనే మాటను చాలామంది ఆర్-ఏ-ఓ అని రాస్తారు. యల్లాప్రగడ వారు ఆర్-ఓ-డబ్ల్యూ అని రాసేవారు. 1925లో వెలువడిన ఫిస్కే–సుబ్బారావు పద్ధతి, భాస్వరాన్ని కొలిచే పద్ధతి, ఆ అక్షరక్రమంతోనే ప్రసిద్ధమైంది. మొదటి విధంగా రాసి వెతికితే యంత్రానికి ఆయన దొరకకపోవచ్చు. ఇద్దరు మనుషులు ఒకరుగా కనబడడం ఒక తప్పు. ఒకే మనిషి ఇద్దరుగా కనబడడం మరొక తప్పు. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకొన్న స్త్రీల విషయంలో ఈ రెండో తప్పు తరచుగా ఎదురవుతుంది: పట్టా ఒక పేరుతో, బోర్డు మరొక పేరుతో!

రిజిస్టరు ఎలా వచ్చింది?

ఎవరు నిజమైన వైద్యులో ప్రజలు తెలుసుకోవడానికి బ్రిటన్‌లో 1858లో చట్టం చేసి వైద్యుల రిజిస్టరును ఏర్పరిచారు. వినుకొండ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది; అక్కడ 1914లో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. నేడు ఆంధ్రప్రదేశ్ వైద్యమండలి ఇక్కడి డాక్టర్లను నమోదు చేసి, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తుంది. 2002 నాటి నియమాల ప్రకారం డాక్టరు ఆ నంబరును తన వైద్యశాలలో కనబడేలా పెట్టాలి. మందుల చీటీ మీద, ధ్రువపత్రం మీద, రసీదు మీద వేయాలి. న్యాయవాదులకూ 1961 చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ ఇలాగే నంబరు ఇస్తుంది.

కాని ఒక జాగ్రత్త! ప్రతి రాష్ట్ర మండలి తన వరుస నంబర్లు తానే వేస్తుంది. కాబట్టి ఒకే నంబరు రెండు రాష్ట్రాలలో ఇద్దరు డాక్టర్లకు ఉండవచ్చు. నంబరుతోపాటు మండలి పేరు కూడా చూడాలి. ఈ చిక్కును తొలగించడానికే జాతీయ వైద్య కమిషన్ 2024లో దేశమంతటికీ ఒకే రిజిస్టరును ప్రారంభించింది. అందులో ప్రతి డాక్టరుకూ వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది. పరిశోధకుల కోసం 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 స్థానాల సంఖ్య ప్రపంచమంతటా వాడుకలో ఉంది.

అంకెకు కాపలా అంకె

నంబరు రాసేటప్పుడు ఒక అంకె తారుమారైతే? మళ్లీ మరొకరి రికార్డు తెరుచుకుంటుంది! దీనికి గణితజ్ఞులు చక్కని ఉపాయం కనిపెట్టారు. 48271 అనే సంఖ్యను తీసుకోండి. అంకెలను వరుసగా 6, 5, 4, 3, 2తో హెచ్చించండి: 24, 40, 8, 21, 2. మొత్తం 95. దానికి 4 కలిపితే 99. అది 11తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. కనుక 4ను చివర చేర్చి 482714 అని రాస్తాం. ఈ 4 కాపలా అంకె.

ఎవరైనా పొరపాటున 842714 అని రాశారనుకోండి. 48, 20, 8, 21, 2 కలిపితే 99. కాపలా అంకెతో 103. పదకొండుతో భాగిస్తే 4 మిగులుతుంది. దొంగ దొరికాడు! పుస్తకాల మీద ఉండే పాత పది అంకెల సంఖ్యలోనూ, ఆర్కిడ్‌లోనూ, ఆధార్‌లోనూ చివరి స్థానం ఇలాంటి కాపలాదే. లెక్కకట్టే పద్ధతులు మాత్రం వేరు. ఒకటి, రెండు, మూడు అని వేసుకుపోయే వరుస నంబరులో ఈ కాపలా ఉండదు. అందుకే నంబరు ఒక్కటే చూసి ఊరుకోకుండా పేరు, తండ్రి పేరు, సంవత్సరం, చదువు – అన్నీ సరిపోయాయా అని చూడాలి. ఒక్కటి సరిపోకపోయినా ఎవరి మీదా నింద వేయకూడదు, మండలిని అడగాలి.

మరొక మాట. రిజిస్టరు చెప్పేది, ఆ వ్యక్తికి వైద్యం చేసే అనుమతి ఉన్నదని మాత్రమే. ఆయన చేతి మంచితనాన్ని ఏ నంబరూ చెప్పలేదు.

మీరూ చేసి చూడండి

1. మీ తరగతిలో 40 మంది ఉంటే ఎన్ని జంటలు? ఎన్ని జంటల పేర్లు కలిశాయి? ఇంటిపేరు చేరిస్తే ఎన్ని మిగిలాయి?

2. 35062 అనే సంఖ్యకు కాపలా అంకె కనిపెట్టండి.

3. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైతే, పై పద్ధతిలో ఆ తప్పు తప్పక బయటపడుతుంది. ఎందుకు? మొత్తం ఎంత మారిందో చూస్తే కారణం మీకే తెలుస్తుంది.