యాప్ తెరవగానే కనిపించే తొలి తెర



మొబైల్ యాప్ తెరవగానే లోగో క్షణంపాటు కనిపించి మాయమవుతుంది. అదే స్ప్లాష్ స్క్రీన్. లోపల యాప్ సిద్ధమయ్యేలోగా కనిపించే తెర ఇది.

మా 8వ తరగతి పిల్లలు దీన్ని కాగితం మీద గీశారు. పూలు, నినాదాలు, ఐదు సెకన్ల యానిమేషన్ కూడా కావాలన్నారు. "తిరుమల దర్శనం టికెట్లు విడుదలయ్యే వేళ మీ నాన్న టీటీడీ యాప్ తెరిచి ఐదు సెకన్లు ఆగుతారా?" అని అడిగాను. రబ్బర్లు బయటికొచ్చాయి.

ఒకే గుర్తు, ఒకే రంగు నేపథ్యం చాలు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి ఫోనే యాప్ ఐకాన్‌ను మధ్యలో చూపిస్తుంది. యానిమేషన్ ఒక సెకను దాటవద్దని గూగుల్ సూచన.

ఇంట్లో మూడు యాప్‌లు తెరిచి, ఏది ఎంతసేపు ఆపుతోందో పిల్లలతో లెక్కపెట్టించండి. ఎదురుచూసే మనిషిని తలచుకోవడమే డిజైన్‌లో తొలి పాఠం.